నేల కింది ఖజానా – 6: ధర పెరిగినా దక్కని వాటా

గత సంచికలో టీపాట్ డోమ్ కుంభకోణం గురించి చెప్పుకున్నాం. అమెరికా నౌకాదళం అవసరాలకని దాచిపెట్టిన వ్యోమింగ్, కాలిఫోర్నియా చమురు భూములను ఇంటీరియర్ మంత్రి ఆల్బర్ట్ ఫాల్ వేలం కూడా వేయకుండా తనకు కావలసిన వారికి లీజుకిచ్చాడు. నల్లసంచీలో లక్ష డాలర్లు పుచ్చుకున్నాడు. సెనేటర్ థామస్ వాల్ష్ పట్టువదలక తవ్వితే గుట్టు బయటపడింది. 1929లో నేరం రుజువైంది. 1931లో ఫాల్ జైలుకు వెళ్లాడు. పదవిలో ఉండగా చేసిన నేరానికి జైలుపాలైన తొలి అమెరికా మంత్రి అతడే. సుప్రీంకోర్టు ఆ లీజులను రద్దు చేయడంతో భూములు తిరిగి ప్రభుత్వం చేతికి వచ్చాయి.

ఈ సంచికలో చెప్పబోయే కథలో లంచం లేదు, నల్లసంచీ లేదు, జైలుకు వెళ్లినవాళ్లూ లేరు. చట్టసభ ఓటు వేసింది, అధ్యక్షుడు సంతకం పెట్టాడు, న్యాయస్థానాలు సరేనన్నాయి. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. అయినా ప్రజల ఖజానాకు వేల కోట్ల డాలర్లు రాకుండా పోయాయి. టీపాట్ డోమ్ భూములు తిరిగొచ్చాయి గానీ ఈ సొమ్ము తిరిగి రాలేదు, ఇక రాదు కూడా.

ఎనిమిదింట ఒక వంతు

కథలోకి వెళ్లేముందు లెక్క ఎలా నడుస్తుందో తెలియాలి. 1920 ఫిబ్రవరి 25న అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ సంతకంతో ఖనిజాల లీజు చట్టం వచ్చింది. అప్పటి నుంచి అమెరికా ప్రభుత్వ భూముల్లోని చమురును, సహజవాయువును, బొగ్గును తీసుకోవాలంటే భూమిని కొనుక్కోవడం కుదరదు, లీజుకు తీసుకోవాల్సిందే. లీజుదారు మూడు రకాలుగా డబ్బు కడతాడు. వేలంలో పాడిన మొత్తాన్ని ముందుగానే కట్టాలి, దీన్ని బోనస్ అంటారు. తవ్వకం మొదలయ్యేదాకా ఏటా ఎకరానికి ఇంతని అద్దె కట్టాలి. సరుకు బయటికి రావడం మొదలయ్యాక దాని విలువలో కొంత శాతం చెల్లించాలి. అదే రాయల్టీ. 1920 చట్టం చమురుకు కనీస రాయల్టీని పన్నెండున్నర శాతంగా పెట్టింది. అంటే ఎనిమిది పీపాలు తోడితే ఒకటి ప్రజలది.

పాలుకిచ్చిన పొలంలో ఆసామి భాగం లాంటిదే ఇది. పంట పండితేనే భాగం, పండకపోతే లేదు. కనుక రాయల్టీ అంటే కంపెనీ లాభం మీద వేసే పన్ను కాదు. ప్రజల సొత్తుకు ప్రజలు తీసుకునే ధర. దాన్ని తగ్గించడమంటే ప్రజలు తమ సరుకును తక్కువకు అమ్ముకోవడమే. ఈ కథ అంతటికీ ఇదే కీలకం.

ఆ డబ్బు ఎక్కడికి పోతుంది? నేల మీది గనుల విషయంలో 1976 నుంచి సగం ఆ గని ఉన్న రాష్ట్రానికి, నలభై శాతం పశ్చిమ రాష్ట్రాల సాగునీటి పథకాల నిధికి, మిగిలిన పది శాతం కేంద్ర ఖజానాకు వెళ్తున్నాయి. అలాస్కాకు మాత్రం తొంభై శాతం ఇస్తారు. వ్యోమింగ్, న్యూ మెక్సికో వంటి రాష్ట్రాలకు బడులు నడపడంలో, రోడ్లు వేయడంలో ఈ సొమ్మే పెద్ద ఆసరా. సముద్రంలో లెక్క వేరు. 1953 నాటి చట్టం ప్రకారం తీరానికి దూరంగా ఉన్న సముద్రగర్భం మొత్తం కేంద్రానిది, అక్కడి ఆదాయంలో సింహభాగం నేరుగా కేంద్ర ఖజానాకే చేరుతుంది. పార్కులు, అడవులు, నదీతీరాల సంరక్షణకు ఏటా 90 కోట్ల డాలర్లు కేటాయించే నిధికి కూడా ప్రధానంగా ఆధారం సముద్రపు చమురే.

కేంద్ర బడ్జెట్ పుస్తకంలో ఈ రాయల్టీ పన్నుల ఆదాయం పద్దులో కనిపించదు. ప్రభుత్వ ఖర్చులోంచి తీసివేసే మొత్తంగా రాస్తారు. అందువల్ల రాయల్టీ తగ్గిస్తే పన్ను తగ్గించినట్టు ఎక్కడా కనబడదు, ఖర్చు కాస్త పెరిగినట్టు మాత్రమే తేలుతుంది. పద్దులు చదివే అలవాటున్నవాడి కంటికి తప్ప మరెవరికీ ఆనదు.

1995: లోతు నీటికి రాయితీ

1990ల తొలినాళ్లలో మెక్సికో గల్ఫ్‌ను చమురు వ్యాపారులు 'మృత సముద్రం' అని పిలవసాగారు. తీరం దగ్గరి బావులు వట్టిపోతున్నాయి. లోతు నీళ్లలో నిక్షేపాలు ఉన్నాయి గానీ అక్కడ బావి తవ్వడం ఖరీదైన పని. చమురు ధరేమో పీపా 17, 18 డాలర్ల దగ్గర కదలకుండా కూర్చుంది. దేశీయ ఉత్పత్తి ఏటా పడిపోతోంది. లూసియానా సెనేటర్ బెన్నెట్ జాన్‌స్టన్ అప్పుడు ముందుకొచ్చి, లోతు నీళ్లలో తవ్వేవారికి కొంతకాలం రాయల్టీ మాఫీ చేద్దామన్నాడు. మాఫీ ఉంటే కంపెనీలు వస్తాయి, వేలంలో ఎక్కువ పాడతాయి, ఉద్యోగాలు పుడతాయి, దిగుమతులు తగ్గుతాయన్నది ఆయన వాదన.

ఆ వాదనలో పసలేదని చెప్పలేం. పీపా 17 డాలర్లున్నప్పుడు వెయ్యి మీటర్ల లోతున బావి తవ్వడం నిజంగానే జూదం. అయితే మాఫీ రాకముందే కొన్ని కంపెనీలు అటు కదిలాయన్నదీ నిజమే. షెల్ కంపెనీ ఆగర్ వేదిక 1994లోనే దాదాపు 2,860 అడుగుల నీటిలో చమురు తీయడం మొదలుపెట్టింది. లోతును జయించే సాంకేతికత రాయితీ కోసం ఎదురుచూడలేదు.

1995 నవంబర్ 28న అధ్యక్షుడు బిల్ క్లింటన్ లోతునీటి రాయల్టీ మాఫీ చట్టంపై సంతకం చేశాడు. 1996 నుంచి 2000 వరకు ఇచ్చే లీజులకు, 200 మీటర్లకు మించిన లోతులో, నిర్ణీత పరిమాణం వరకు రాయల్టీ కట్టనక్కర్లేదు. 200 నుంచి 400 మీటర్ల లోతుకు ఆ పరిమాణం 1.75 కోట్ల పీపాలు. 400 నుంచి 800 మీటర్లకు 5.25 కోట్లు. అంతకు మించిన లోతుకు 8.75 కోట్ల పీపాలు.

అంకెలు వేసి చూద్దాం. 8.75 కోట్ల పీపాలను పీపా 17 డాలర్ల చొప్పున అమ్మితే దాదాపు 149 కోట్ల డాలర్లు. అందులో పన్నెండున్నర శాతం సుమారు 18.6 కోట్లు. 1995లో చట్టసభ వదులుకోవడానికి సిద్ధపడింది ఇంతే. అదే చమురు పీపా 70 డాలర్లకు అమ్ముడైతే ప్రజల భాగం 76 కోట్లు దాటుతుంది. మాఫీ మాత్రం పీపాల్లో రాశారు, డాలర్లలో కాదు. ధర ఎంత పెరిగితే వదులుకునే సొమ్ము అంత పెరుగుతుంది. కంపెనీకి సాయం అవసరం లేని రోజున సాయం అన్నిటికంటే ఎక్కువగా అందుతుంది.

బడ్జెట్ కోణంలో ఇంకో చిక్కుంది. మాఫీ ఉందని తెలిస్తే వేలంలో బోనస్ కొంత పెరుగుతుంది, అది ఆ ఏడే ఖజానాకు చేరుతుంది. రాయల్టీ నష్టం సరుకు బయటికి వచ్చాకే మొదలవుతుంది. లోతు నీటిలో వేలానికీ మొదటి పీపాకీ మధ్య ఏళ్లు గడుస్తాయి. అయిదేళ్ల పద్దు వేస్తే అందులో వచ్చిన బోనస్ కనిపిస్తుంది గానీ పోయే రాయల్టీ కనిపించదు. ఓటు వేసిన సభ్యుడి పదవీకాలంలో లాభం, అతని తర్వాత వచ్చిన వారి కాలంలో నష్టం. రాయల్టీ తగ్గింపు ప్రతిపాదనలు చట్టసభల్లో అంత తేలిగ్గా గట్టెక్కడానికి ఇదే కారణం.

మరిచిపోయిన షరతు

ధర పెరిగితే ఏం చేయాలన్న ఆలోచన అధికారులకు లేకపోలేదు. చమురు పీపా 28 డాలర్లు, వాయువు యూనిట్ మూడున్నర డాలర్లు దాటితే మాఫీ ఆగిపోయేలా ఒక హద్దు పెట్టుకున్నారు. ధరల పెరుగుదలను బట్టి ఆ హద్దూ పెరుగుతుంది. 1996, 1997 లీజు పత్రాల్లో ఆ షరతు రాశారు. 2000లోనూ రాశారు.

1998, 1999లో రాయలేదు.

ఆ రెండేళ్లలో ఇచ్చిన లీజులు వెయ్యికి పైమాటే. తర్వాత ఇంటీరియర్ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎర్ల్ డెవానీ విచారణ చేస్తే కారణం తేలింది. లీజు పత్రాలు తయారుచేసేవారు ఒకరు, నిబంధనలు రాసేవారు మరొకరు. షరతు కొత్త నిబంధనల్లో ఉంటుందని మొదటివారు, లీజులోనే ఉంటుందని రెండోవారు అనుకున్నారు. ఎవరూ సరిచూసుకోలేదు. 2000లో కిందిస్థాయి వారు లోపాన్ని గుర్తించి కొత్త లీజుల్లో సరిదిద్దారు గానీ, అప్పటికే చేజారిన వెయ్యి లీజుల సంగతి పైవారికి చెప్పకుండా ఏళ్ల తరబడి ఊరుకున్నారు.

అప్పట్లో దాని విలువ ఎవరికీ తట్టలేదు. 1998 చివర చమురు పీపా 12 డాలర్లకన్నా కిందికి దిగజారింది. అలాంటి రోజుల్లో 28 డాలర్ల హద్దు కాగితం మీది మాటలాగే కనిపించి ఉంటుంది. కానీ లీజు ఒక ఒప్పందం. 1999లో సంతకమైన కాగితం 2008లోనూ చెల్లుతుంది. 2006లో పీపా 70 డాలర్లు దాటింది. 2008 జులైలో 147 డాలర్లను తాకింది. ఆ ధరకు ఆ లీజుల నుంచి వస్తున్న చమురులో చాలా భాగానికి ప్రజలకు దక్కింది సున్నా.

2006 ఆరంభంలో పత్రికలు ఈ సంగతి బయటపెట్టాక ప్రతినిధుల సభలో డారెల్ ఇస్సా అధ్యక్షతన ఉన్న ఉపసంఘం విచారణలు జరిపింది. బీపీ, షెల్ వంటి కొన్ని కంపెనీలు ముందుకొచ్చి 2006 అక్టోబర్ నుంచి రాయల్టీ కడతామని ఒప్పుకున్నాయి. చాలా కంపెనీలు ఒప్పుకోలేదు. ఒప్పుకోనివారికి కొత్త లీజులు ఇవ్వకూడదని 2007 జనవరిలో ప్రతినిధుల సభ ఒక బిల్లు ఆమోదించినా ఆ నిబంధన చట్టం కాలేదు.

తీర్పుతో తలకిందులు

షరతు ఉన్న 1996, 1997, 2000 లీజులైనా మిగిలాయి కదా అనుకుంటే అదీ నిలవలేదు. ఆ లీజుల మీద రాయల్టీ కట్టమని 2006లో ప్రభుత్వం కెర్-మెక్‌గీ కంపెనీని ఆదేశించింది. కంపెనీ లూసియానాలోని కేంద్ర న్యాయస్థానానికి వెళ్లింది. నిర్ణీత పరిమాణం వరకు రాయల్టీ మాఫీ అని చట్టమే చెబుతున్నప్పుడు, ధర పెరిగిందని ఆ మాఫీని ఆపే అధికారం శాఖకు ఎక్కడిదని కంపెనీ వాదించింది. 2007 అక్టోబర్‌లో న్యాయస్థానం ఆ వాదనతో ఏకీభవించింది. 2009 జనవరిలో అప్పీలు కోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడు అక్టోబర్‌లో ప్రభుత్వ అప్పీలును వినడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. అప్పటిదాకా వసూలు చేసిన సొమ్మును కంపెనీలకు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది.

దానికి ముందే, 2004లో, ఇంకో దెబ్బ తగిలింది. మాఫీ పరిమాణం చమురుక్షేత్రం అంతటికీ కలిపి ఒక్కటేనని శాఖ లెక్క వేసుకుంది. కాదు, ప్రతి లీజుకూ విడివిడిగా అంత పరిమాణం వర్తిస్తుందని అప్పీలు కోర్టు తేల్చింది. ఒక క్షేత్రంలో మూడు లీజులుంటే మాఫీ మూడింతలు.

న్యాయమూర్తులను తప్పుపట్టడానికి లేదు. చట్టంలో ఉన్నదే వారు చదివారు. తప్పు 1995లోనే జరిగింది. ధరతోపాటు మారని రాయితీని చట్టంగా రాసి, ధర పెరిగినప్పుడు దాన్ని ఆపే మాటను చట్టసభ అందులో స్పష్టంగా పెట్టలేదు.

చట్టసభకు లెక్కలు చెప్పే జవాబుదారీ కార్యాలయం 2008లో ఒక అంచనా వేసింది. ప్రభుత్వం ఈ వ్యాజ్యంలో ఓడితే, 1996-2000 లీజుల జీవితకాలంలో 2,100 కోట్ల నుంచి 5,300 కోట్ల డాలర్ల దాకా రాకుండా పోవచ్చని అది తెలిపింది. అదే కార్యాలయం 2019లో చెప్పింది అంచనా కాదు. 2018 వరకే సుమారు 1,800 కోట్ల డాలర్ల రాయల్టీ చేజారిందని లెక్క తేల్చింది.

రేటు పెంచితే పారిపోయారా?

రాయల్టీ పెంచితే కంపెనీలు వెళ్లిపోతాయని ప్రతిసారీ వినిపించే మాట. దానికి జవాబు అదే సముద్రంలో దొరుకుతుంది. చేదు అనుభవం తర్వాత జార్జ్ బుష్ ప్రభుత్వమే కొత్త లోతునీటి లీజుల రాయల్టీని పన్నెండున్నర నుంచి 16.67 శాతానికి, ఆ వెంటనే 18.75 శాతానికి పెంచింది. ఈ రేటుతో 2008 మార్చిలో గల్ఫ్ మధ్యభాగానికి వేలం జరిగితే గెలిచిన పాటల మొత్తం సుమారు 370 కోట్ల డాలర్లు. గల్ఫ్ చరిత్రలో అది రికార్డు. పీపా వంద డాలర్లున్నప్పుడు కంపెనీలను రప్పించింది ధర, నిక్షేపాల మీది నమ్మకం. రాయల్టీ శాతం వాటి తర్వాతే.

నేల మీద కూడా ఇదే కనిపిస్తుంది. టెక్సాస్ రాష్ట్రం తన సొంత భూముల్లో ఇరవై నుంచి ఇరవై అయిదు శాతం దాకా రాయల్టీ వసూలు చేస్తోంది. అక్కడ బావులకు కొదవ లేదు. కేంద్రం మాత్రం 1920 నాటి పన్నెండున్నర శాతం దగ్గరే వందేళ్లు కూర్చుంది. 2017లో జవాబుదారీ కార్యాలయం ఈ విషయమై ఉన్న అధ్యయనాలను పరిశీలించింది. రేటు పెంచితే కేంద్ర భూముల్లో ఉత్పత్తి కొద్దిగా తగ్గవచ్చు లేదా తగ్గకపోవచ్చు గానీ మొత్తం మీద ఆదాయం పెరుగుతుందని తేల్చింది.

గోదావరి ముఖద్వారం వరకు

ఈ ఆలోచన అమెరికాలో ఆగలేదు. మన కృష్ణా-గోదావరి బేసిన్ లోతు నీటికి కూడా వచ్చింది. 1999 నాటి కొత్త అన్వేషణ విధానంలో భారత ప్రభుత్వం లోతునీటి క్షేత్రాలకు తొలి ఏడేళ్లు అయిదు శాతం, ఆ తర్వాత పది శాతం రాయల్టీ పెట్టింది. 2016 విధానం మరింత దిగివచ్చి తొలి ఏడేళ్లు అసలు లేదని, తర్వాత లోతు నీటికి అయిదు శాతం, అతి లోతు నీటికి రెండు శాతం అని చెప్పింది. అయితే 2016 విధానంలో ఒక జాగ్రత్త ఉంది. ఆదాయం తక్కువగా ఉన్నప్పుడు ప్రభుత్వానికి ఎంత భాగం ఇస్తారో, ఎక్కువగా ఉన్నప్పుడు ఎంత ఇస్తారో కంపెనీ వేలంలోనే చెప్పాలి. 1995లో అమెరికా చట్టసభ వదిలేసింది ఇలాంటి జాగ్రత్తనే. మనవాళ్లు గుర్తుంచుకోవలసింది ఇంకొకటి కూడా ఉంది. కోనసీమ నేల మీది బావుల రాయల్టీ ఆంధ్రప్రదేశ్‌కు వస్తుంది, సముద్రంలోని బావులది కేంద్రానికి పోతుంది.

మళ్లీ అదే దారి

2022 ఆగస్టులో జో బైడెన్ సంతకం చేసిన చట్టంతో, నేల మీది చమురు, వాయువు కొత్త లీజులకు కనీస రాయల్టీ 16.67 శాతానికి చేరింది. శతాబ్దం తర్వాత వచ్చిన ఆ పెంపు మూడేళ్లు కూడా నిలవలేదు. 2025 జులై 4న డొనాల్డ్ ట్రంప్ సంతకం చేసిన చట్టం దాన్ని తిరిగి పన్నెండున్నరకు దించింది. బొగ్గుకైతే 2034 సెప్టెంబర్ 30 వరకు ఏడు శాతం మించకూడదని హద్దు కట్టింది. ఈ చట్టానికి ముందు ఉపరితల గనులకు అది పన్నెండున్నర శాతం.

ఈ రెండు తగ్గింపులూ ఒకటి కావు. చమురు తగ్గింపు కొత్త లీజులకే కనుక ఖజానా మీద దాని భారం మెల్లగా, ఏళ్ల మీద కనిపిస్తుంది. బొగ్గు తగ్గింపు నడుస్తున్న గనులకూ వర్తిస్తుంది. గని ఎప్పుడో తెరిచారు, యంత్రాలు దిగాయి, కార్మికులు పనిలో ఉన్నారు. అక్కడ తగ్గించిన రాయల్టీ కొత్తగా ఒక్క గనినీ తెరిపించనక్కర్లేదు, ఆదాయం మాత్రం వెంటనే పడిపోతుంది. టన్ను బొగ్గు 14 డాలర్లనుకుంటే పాత రేటుకు రాయల్టీ 1.75 డాలర్లు, కొత్త రేటుకు 98 సెంట్లు. టన్నుకు 77 సెంట్లు పోతాయి. అందులో సగం వ్యోమింగ్, మోంటానా వంటి రాష్ట్రాల బడుల, రోడ్ల సొమ్ము.

రేటు తగ్గిస్తే బొగ్గుకు గిరాకీ తిరిగొస్తుందా? అమెరికా బొగ్గు ఉత్పత్తి 2008లో 117 కోట్ల టన్నులు. 2023 నాటికి అది సగానికి పడిపోయింది. చవకైన సహజవాయువు, పవన, సౌర విద్యుత్తు వచ్చి విద్యుత్ కేంద్రాలు బొగ్గును వదిలేశాయి. 2012లో వ్యోమింగ్‌లో 72.1 కోట్ల టన్నుల నిక్షేపానికి 79.3 కోట్ల డాలర్ల పాట పలికింది, టన్నుకు 1.10 డాలర్లు. రాయల్టీ ఏడు శాతానికి దించాక 2025 అక్టోబర్‌లో మోంటానాలో దాదాపు 16.7 కోట్ల టన్నులకు వేలం వేస్తే వచ్చిన ఒకే ఒక పాట 1,86,000 డాలర్లు. టన్నుకు సెంటులో పదో వంతు! సరైన ధర కాదని ప్రభుత్వమే దాన్ని తిరస్కరించింది. రాయల్టీ తగ్గిస్తే ఆ మేరకు బోనస్ పెరుగుతుందన్న పాత వాదన, పోటీ పాడేవారే లేనిచోట నిలబడదని ఆ వేలం చూపించింది.

తేలేదేమిటి?

ముప్పై ఏళ్ల ఈ అనుభవం నుంచి మూడు సంగతులు తేలాయి. రాయల్టీ తగ్గింపుకు ధర హద్దు, కాల హద్దు రెండూ చట్టంలోనే ఉండాలి. అధికారి రాసే లీజు పత్రానికి వాటిని వదిలేయకూడదు. తగ్గింపు వల్ల పోయే సొమ్మును అయిదేళ్లకో పదేళ్లకో కాక లీజు జీవితకాలమంతటికీ లెక్కగట్టి ఓటుకు ముందే సభ ముందుంచాలి. ఇప్పటికే నడుస్తున్న గనికి రాయితీ ఇవ్వడం ప్రోత్సాహం అనిపించుకోదు, అది దానమే.

చమురును, బొగ్గును ఒక్కసారే తవ్వగలం. తవ్వినప్పుడు పుచ్చుకోని ధరను మళ్లీ పుచ్చుకోలేం. ఒక తరం ఓటు వేసి తరువాతి తరాల భాగాన్ని వదిలేసే హక్కు ఏ చట్టసభకూ లేదని నా నమ్మకం. అమెరికా అయినా మనమైనా, ఖనిజ రాయితీ మాట వినపడినప్పుడల్లా పాఠకులు అడగవలసిన ప్రశ్న ఒకటే: ధర పెరిగిన రోజున మా భాగం ఎంత? దానికి చట్టంలో జవాబు లేకపోతే ఆ రాయితీని ఒప్పుకోకూడదు.

(వచ్చే సంచికలో: 1872 నాటి గనుల చట్టం - అమెరికా ప్రభుత్వ భూముల్లోని బంగారానికి ఈనాటికీ కేంద్రానికి దమ్మిడీ రాయల్టీ రాకపోవడానికి కారణం.)